బ్రిడ్జ్ ఆటగాళ్ల యాస: ఆట అయ్యాక వాళ్లు మాట్లాడేది అర్థం కావాలంటే?

కొత్తచెయ్యి
నమస్కారం అండీ. ఈమధ్యే బ్రిడ్జ్ (నలుగురు ఇద్దరిద్దరుగా జట్టు కట్టి ఆడే పేకాట) నేర్చుకుంటున్నాను. పాట పాడటం (ఎన్ని ట్రిక్కులు, అంటే నలుగురూ తలో ముక్క వేసే చుట్లు, గెలుస్తామో వేలంలా చెప్పడం), తురుపు, డిక్లేరర్ (పాట గెలిచి ఆడేవాడు), డమ్మీ (బల్ల మీద పరిచే అతని పార్ట్‌నర్ చెయ్యి) వరకు ఇబ్బంది లేదు. రాత్రి ఆన్‌లైన్‌లో ఒక టేబుల్ పక్కన కూర్చుని చూశాను. ఆట నడుస్తున్నంతసేపు నలుగురూ మౌనవ్రతం. ఆఖరి ముక్క పడీపడగానే చాట్ మొదలైంది. ఒకాయన తన పార్ట్‌నర్‌తో అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“హుక్ ఆఫ్‌సైడ్, తురుపు నాలుగు-ఒకటి. అయినా కోల్డ్. రైటీని ఎండ్‌ప్లే చేస్తే చాలు. అంతసేపు ట్యాంక్‌లో ఉండి బుచర్ చేశావ్.”

పార్ట్‌నర్ జవాబు: “నువ్వు ఆ క్వాక్స్ అన్నీ లెక్కేసుకుని గేమ్‌కి తోయకపోతే ఈ గొడవే లేదు.”

రెండు ముక్కల్లో ఒక్కటీ అర్థం కాలేదు. ఎవరైనా విడమరిచి చెప్తారా?

నాలుగోకుర్చీ
వాళ్లిద్దరూ ఇంకా పార్ట్‌నర్లుగానే ఉన్నారా? :)

వరసగా చెప్తాను. హుక్ అంటే ఫినెస్. డమ్మీలో ఇస్పేటు ఆసు, రాణి ఉన్నాయి, రాజు మీ దగ్గర లేదు అనుకోండి. మీ చేతిలోంచి చిన్న ఇస్పేటు వేస్తారు. ఎడమవైపు ఆయన చిన్న ముక్క వేస్తే డమ్మీలోంచి రాణి వేస్తారు. రాజు ఆయన దగ్గరే ఉంటే మీ రాణి బతికింది, అది ఆన్‌సైడ్. కుడివైపు ఆయన దగ్గర ఉంటే రాణి పోయింది, అది ఆఫ్‌సైడ్. రైటీ అంటే ఆ కుడివైపు ఆయనే, ఎడమవైపు ఆయన లెఫ్టీ.

ఎండ్‌ప్లే అంటే, ఏ ముక్క తీసినా తనకే నష్టం వచ్చే సమయం చూసి ప్రత్యర్థిని గెలిపించడం. పైన చెప్పిన ఆసు-రాణి దగ్గరే చూడండి. రాజు రైటీ దగ్గర ఉంది, కాబట్టి మీరు హుక్ వేస్తే పోతుంది. అలా వేయకుండా ముందు మిగతా సూట్లు ఖాళీ చేసి, ఏదో ఒక ట్రిక్‌లో రైటీనే గెలవనిస్తారు. ఇప్పుడు ముక్క తీయాల్సింది ఆయన. ఇస్పేటు తీస్తే ఆఖరున ముక్క వేసేది డమ్మీ. రాజు వేస్తే ఆసుతో కొడతారు, చిన్నది వేస్తే రాణి చాలు. అందుకే “ఆఫ్‌సైడ్, అయినా కోల్డ్” అన్నాడు.

ఇస్పేటు కాకుండా మీ చేతిలోనూ డమ్మీలోనూ లేని సూట్ తీశాడనుకోండి, దాన్ని రఫ్ అండ్ స్లఫ్ అంటారు. ఒకవైపు తురుపుతో కోస్తారు, రెండోవైపు పనికిరాని ఇస్పేటు పడేస్తారు. అదీ మీకు లాభమే.

ట్యాంక్ అంటే చాలాసేపు ఆలోచించడం. బుచర్ అంటే గెలవాల్సిన ఆటను చేజేతులా పాడుచేయడం.

ఇస్పేటురాణి
క్వాక్స్ మిగిలిపోయాయి. రాణి, జాకీ రెండూ కలిపి క్వాక్స్. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 అని అందరం లెక్కేస్తాం కదా. పేరుకు 12 పాయింట్లున్నా, అవన్నీ ఒక సూట్‌లో రాణి, ఇంకో సూట్‌లో జాకీ అంటూ చెల్లాచెదురుగా ఉంటే వాటి విలువ కాగితం మీదే. అలాంటి ముక్కలు నమ్మి పాటని గేమ్ దాకా, అంటే బోనస్ వచ్చేంత పెద్ద పాట దాకా తోశాడని ఆ పార్ట్‌నర్ కోపం. సరిగ్గా దీనికి ఎదురుది “ఏసెస్ అండ్ స్పేసెస్”: ఆసులు దండిగా ఉంటాయి, మధ్యలో పది, తొమ్మిది లాంటి ఆసరా ముక్కలు ఉండవు.

ఆ సంభాషణలో తప్పెవరిదో కార్డులు చూడందే చెప్పలేం కానీ, మాట్లాడిన తీరు మాత్రం ఇద్దరిదీ బాగోలేదు.

లెక్కలమాస్టారు
ఆ “కోల్డ్” అనే మాట దగ్గర నాకో అభ్యంతరం ఉంది. కోల్డ్ అంటే కార్డులు ఎలా ఉన్నా, ఎదుటివాళ్లు ఏం వేసినా వచ్చి తీరే కాంట్రాక్ట్ (పాటలో గెలుస్తామని ఒప్పుకున్న ట్రిక్కులు). ఆట అయ్యాక 52 ముక్కలూ తెర మీద కనిపిస్తుంటే వచ్చేదాన్ని కోల్డ్ అనకూడదు. దాన్ని డబుల్ డమ్మీ అంటారు, నాలుగు చేతులూ చూసి ఆడినట్టు. చాట్‌లో పార్ట్‌నర్ మీద పడేవాళ్లు అనే “కోల్డ్” చాలావరకు డబుల్ డమ్మీ కోల్డే.

డిక్లేరర్ ముందున్నది ఏంటో చూడండి. ఎదుటివాళ్ల దగ్గర ఐదు తురుపులుంటే అవి 3-2గా చీలే అవకాశం 68 శాతం, 4-1 అయితే 28, 5-0 అయితే 4. మామూలు హుక్ 50 శాతం. తురుపు 4-1, రాజు ఆఫ్‌సైడ్ రెండూ కలిసొచ్చేది ఏడింట ఒకసారి. అంత దురదృష్టాన్ని ముందే ఊహించి ఎండ్‌ప్లే సిద్ధం చేసుకుంటే గొప్ప ఆట. చేసుకోలేదని బుచర్ అనడం అన్యాయం.

నాలుగోకుర్చీ
మాస్టారూ, హుక్ వేయాల్సిన అవసరమే లేని ఎండ్‌ప్లే కళ్లముందు ఉన్నప్పుడు 50 శాతం మీద ఆధారపడటం కూడా సరికాదు కదండీ. రాజు ఎక్కడున్నా వచ్చే దారి ఉంటే అది నిజంగా కోల్డే.

లెక్కలమాస్టారు
ఉంటే. ఆ “ఉంటే” కోసమే కార్డులు అడుగుతున్నాను.

కళావర్‌రెండు
కొత్తచెయ్యి గారూ, మీరు గమనించిన మౌనవ్రతానికీ ఈ యాసకీ సంబంధం ఉంది. పాటలో పలకడానికి అనుమతి ఉన్న మాటలు 15. ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు, నాలుగు సూట్ల పేర్లు, నో ట్రంప్ (తురుపు లేని ఆట), ఇంకా పాస్, డబుల్, రీడబుల్. అంతే. “నా దగ్గర ఆటీన్ బాగుంది” అనకూడదు, నిట్టూర్చకూడదు, పార్ట్‌నర్ పాటకి కనుబొమ్మ ఎగరేయకూడదు. పోటీల్లో అయితే ఆ 15 మాటలూ నోటితో కూడా అనరు, బిడ్డింగ్ బాక్స్‌లోంచి కార్డు తీసి టేబుల్ మీద పెడతారు. ఆటంతా నోరు కట్టేసుకున్నవాళ్లు అయ్యాక ఊరుకుంటారా? ఆ గంగవెర్రులకి పోస్ట్‌మార్టమ్ అని పేరు. మీరడిగే మాటల్లో సగం అక్కడ పుట్టినవే.

ఇంకో మాట. మీరు చూస్తూ కూర్చున్నారు కదా, మిమ్మల్ని కిబిట్జర్ అంటారు. యిడ్డిష్ నుంచి వచ్చిన మాట. కిబిట్జర్‌కి నలుగురికన్నా కఠినమైన నియమం: ఆట నడుస్తుండగా తప్పు కళ్లారా కనిపించినా నోరు విప్పకూడదు.

డమ్మీబాబు
కిబిట్జర్ సంగతి సరే. నా పేరులో ఉన్న డమ్మీ పరిస్థితి ఇంకా ఘోరం. చేతిలోని 13 ముక్కలూ పరిచేసి, డిక్లేరర్ చెప్పిన ముక్క తీసివ్వడమే. పార్ట్‌నర్ వేయాల్సిన సూట్ వేయకపోతే “ఆ సూట్ అయిపోయిందా?” అని అడిగే హక్కు మాత్రం ఉంచారు. అదైనా ఎందుకంటే, సూట్ ఉండి వేరేది వేస్తే రివోక్, దానికి ట్రిక్కులు జరిమానా పడొచ్చు.

కొత్తచెయ్యి
అందరికీ థాంక్స్ అండీ! నిన్నటి చాట్ మళ్లీ చదివితే తెలుగు సీరియల్‌లా అర్థమవుతోంది. ఇంకొన్ని రాసిపెట్టుకున్నాను: స్టిఫ్, పాయింటెడ్, యార్బరో, బీర్ కార్డ్, బాత్ కూ. చివరిది స్నానానికి సంబంధించిందా?

ఇస్పేటురాణి
స్టిఫ్ అంటే ఆ సూట్‌లో ఒంటరి ముక్క. సింగిల్టన్ రాజుని స్టిఫ్ కింగ్ అంటారు. “రాజు ఒంటరిగా ఉన్నప్పుడు ఆసు వెయ్యి” అని రబ్బీస్ రూల్ ఒకటి ఉంది. రాజు ఒంటరిదని ఎలా తెలుస్తుందంటే మాత్రం ఏ రబ్బీ చెప్పడు. అదే జోక్.

పాయింటెడ్ సూట్లు అంటే ఇస్పేటు, డైమన్. గుర్తులకి పైన మొన ఉంటుంది కాబట్టి. ఆటీన్, కళావర్ రౌండెడ్. ఇస్పేటు, ఆటీన్ మేజర్లు, డైమన్, కళావర్ మైనర్లు. ఇది మీకు తెలిసే ఉంటుంది.

డమ్మీబాబు
యార్బరో నాకు వదిలేయండి. ఎప్పుడూ నాకే వస్తుంది. చేతిలో చూడ్డానికి ఏమీ లేకపోతే యార్బరో.

లెక్కలమాస్టారు
బాబూ, అలా కాదు. 13 ముక్కల్లో ఒక్కటి కూడా తొమ్మిదికి మించకూడదు. జాకీ ఉంటే కాదు సరే, పది ఉన్నా యార్బరో కాదు. ఇంగ్లండ్‌లో యార్బరో ప్రభువు ఒకాయన విస్ట్ (బ్రిడ్జ్‌కి ముందు తరం పేకాట) ఆడే రోజుల్లో, అలాంటి చెయ్యి రాదని వెయ్యికి ఒకటి చొప్పున పందెం కాసేవాడట. అసలు లెక్క 1827కి ఒకటి. అంటే వెయ్యి పౌండ్లు ఇస్తానని దొరగారు దర్జాగా చెప్పి, ఒక్కో పౌండూ నిబ్బరంగా జేబులో వేసుకున్నాడు. నీకు “ఎప్పుడూ” వస్తోందంటే ముక్కలు కలిపేవాడిని మార్చుకో.

డమ్మీబాబు
మాస్టారికి దణ్ణం. ఇకమీదట “చెత్త చెయ్యి” అనే అంటాను.

నాలుగోకుర్చీ
బాత్ అనేది ఇంగ్లండ్‌లో ఊరి పేరు. విస్ట్ కాలం నుంచి ఉన్న ఎత్తు. లెఫ్టీ దగ్గర ఇస్పేటు రాజు, రాణి, పది ఉన్నాయి, రాజు వేశాడు. మీ దగ్గర ఆసు, జాకీ, నాలుగు. కొత్తవాళ్ల చెయ్యి ఆసు మీదికి పోతుంది. ఆపుకుని నాలుగు వేయండి. ఆ ట్రిక్ పోయింది, పోనివ్వండి. ఇప్పుడు లెఫ్టీ ఇంకో ఇస్పేటు తీస్తే మీ ఆసు, జాకీ రెండూ గెలుస్తాయి. తీయకుండా ఉండటానికి ఇంకో సూట్ వెతుక్కోవాలి. ఈలోపు మీకు ఊపిరి పీల్చుకునే టైం దొరికింది. ఇలా గెలవగలిగీ వదిలేయడాన్ని డక్ చేయడం అంటారు.

కూ అంటే ఫ్రెంచి మాట, చివర పి పలకరు. “కూప్” అన్నా ఎవరూ కొట్టరు.

కళావర్‌రెండు
కూల సంగతి వచ్చింది కాబట్టి మెరిమాక్ కూ చెప్పకుండా ఉండలేను. డిఫెండర్ (డిక్లేరర్‌కి ఎదురాడేవాడు) తన రాజుని బలిచ్చి పార్ట్‌నర్ చేతికి దారి తెరవడం. పేరెక్కడిదంటే 1898లో స్పెయిన్‌తో యుద్ధంలో క్యూబాలోని సాంటియాగో రేవు ముఖద్వారం మూసేయడానికి అమెరికన్లు మెరిమాక్ అనే బొగ్గు ఓడను కావాలనే ముంచారు.

ఇస్పేటురాణి
ఓడ కథ కరెక్ట్, ఎత్తు తారుమారైంది కళావర్ గారూ. ఓడను ముంచింది శత్రువు దారి మూయడానికి కదా, మెరిమాక్ కూ కూడా అంతే. డమ్మీలో పొడవాటి సూట్ సిద్ధంగా ఉంది, దాన్ని చేరడానికి డిక్లేరర్‌కి ఉన్న ఒకే దారి వేరే సూట్‌లో ఆసు అనుకోండి. డిఫెండర్ ఆ సూట్‌లో రాజు వేసి ఆసుని ముందే బయటికి లాగేస్తాడు. డమ్మీ సూట్ ఎండిపోతుంది.

మీరు చెప్పింది డెషాపెల్ కూ. అక్కడ రాజు పోయి పార్ట్‌నర్ రాణికి దారి దొరుకుతుంది. డెషాపెల్ చదరంగంలోనూ విస్ట్‌లోనూ పేరుమోసిన ఫ్రెంచివాడు. రెండు చోట్లా బలయ్యేది రాజే కాబట్టి అందరూ తికమకపడతారు. ఒకటి ఎదుటివాడి దారి మూస్తుంది, ఒకటి మనవాడి దారి తెరుస్తుంది.

కళావర్‌రెండు
నిజమే రాణి గారూ, థాంక్స్. కొత్తచెయ్యి గారు ఆమె చెప్పిందే రాసుకోండి.

నాలుగోకుర్చీ
అల్కట్రాజ్ కూ అని కూడా వినిపిస్తుంది. నేర్చుకోవద్దు, వాడొద్దు! రాణి ఎవరి దగ్గరుందో తెలియనప్పుడు డిక్లేరర్ తన చేతిలోంచి కావాలని వేరే సూట్ వేసి, నాలుగో ఆటగాడు ఏం వేశాడో చూసి, “అయ్యో పొరపాటు” అని ముక్క మార్చుకోవడం. పేరు జైలుది ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. పోటీ డైరెక్టర్‌ని పిలిస్తే స్కోరు సవరిస్తాడు.

దీనికి చిన్న తమ్ముడు కాఫీహౌసింగ్. ఒకే ముక్క ఉన్నవాడు రెండున్నట్టు ఆలోచిస్తూ కూర్చోవడం, విసుగు నటించడం, ఇలాంటివి. మాటలతో చేసినా మొహంతో చేసినా తప్పే. పాటలో అబద్ధం చెప్పొచ్చు, దాన్ని సైక్ అంటారు, అది ఆటలో భాగం. బలమే లేని సూట్‌ని ఉన్నట్టు పాడటం లాంటిది. కానీ మీ పార్ట్‌నర్ కూడా ఎదుటివాళ్లలాగే మోసపోవాలి. ఇద్దరూ ముందే అనుకుని చేస్తే అది రహస్య ఒప్పందం.

డమ్మీబాబు
బీర్ కార్డ్ ఎవరూ చెప్పట్లేదేంటి? అన్నిటికన్నా ముఖ్యమైంది అదే.

డైమన్ ఏడు. కాంట్రాక్ట్ గెలిచి, ఆఖరి ట్రిక్ డైమన్ ఏడుతో కొడితే పార్ట్‌నర్ మీకు బీరు కొనాలి. డిఫెండర్లయితే కాంట్రాక్ట్ పడగొట్టి ఆ ట్రిక్ కొట్టాలి. డైమన్ తురుపైతే చెల్లదు. బీరు తాగనివాళ్లు ఏం చేయాలో రూల్స్‌లో రాయలేదు. ఎందుకంటే ఇది రూల్స్‌లోనే లేదు.

లెక్కలమాస్టారు
దీనికోసం గెలిచే ముక్కలు దాచుకుని ఓవర్‌ట్రిక్ (కాంట్రాక్ట్‌కి మించి వచ్చే ట్రిక్) పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మ్యాచ్‌పాయింట్స్‌లో (మిగతా టేబుళ్లతో పోల్చి ఇచ్చే స్కోరు) ఒక్క ఓవర్‌ట్రిక్ చాలు, టాప్ పోయి బాటమ్ అవడానికి. బీరు ఖరీదైందే.

కొత్తచెయ్యి
టాప్, బాటమ్ అంటే?

లెక్కలమాస్టారు
డూప్లికేట్‌లో ఒకే పంపకాన్ని అన్ని టేబుళ్లలోనూ ఆడతారు. మీ వైపు కూర్చున్నవాళ్లందరిలో మీ స్కోరు ఎక్కువైతే ఆ బోర్డ్‌లో టాప్, తక్కువైతే బాటమ్. అందరికీ ఒకే స్కోరు వస్తే ఫ్లాట్ బోర్డ్. ఎదుటివాళ్లు తిక్కతిక్కగా పాడి అదృష్టం బాగుండి గెలిస్తే, మీరు ఏ తప్పూ చేయకుండానే బాటమ్ తింటే, “ఫిక్స్ అయ్యాం” అంటారు. పోస్ట్‌మార్టమ్‌లో ఎక్కువగా వాడేది ఈ మాటే, నిజంగా ఫిక్స్ అయినప్పుడే కాదు.

ఇస్పేటురాణి
:) :)

కొత్తచెయ్యి
వల్నరబుల్ సంగతి కూడా చెప్పండి. స్కోరు పట్టికలో చూశాను కానీ “రెడ్ ఎగైనెస్ట్ వైట్‌లో నంబర్‌కి పోయాడు” అంటే ఏంటో తెలియలేదు. ఎవరో “ఫాంటమ్ శాక్” అని కూడా అన్నారు.

కళావర్‌రెండు
ఈసారి తారుమారు చేయను, ఇది నా సొంత పొలం. :)

రెడ్ అంటే వల్నరబుల్, వైట్ అంటే కాదు. రెడ్‌లో బహుమతులు పెద్దవి, దెబ్బలూ పెద్దవి. ఎదుటివాళ్లు రెడ్‌లో నాలుగు ఇస్పేటు పాడారు, అంటే ఆరుకి పైన నాలుగు ట్రిక్కులు. సరిగ్గా ఆ పదీ చేస్తే వాళ్లకి 620. మీరు వైట్. “ఎలాగూ గెలుస్తారు” అని ఐదు డైమన్ పాడారు, వాళ్లు డబుల్ చేశారు, అంటే పందెం పెంచారు. మూడు తగ్గితే మీకు మైనస్ 500. అంటే 620 పోవాల్సిన చోట 500తో బయటపడ్డారు. దీన్ని శాక్రిఫైస్ అంటారు, ముద్దుగా శాక్. నాలుగు తగ్గితే 800, బేరం బెడిసికొట్టింది.

ఇప్పుడు అసలు కిటుకు. వాళ్ల నాలుగు ఇస్పేటు నిజానికి ఒక ట్రిక్ తగ్గేదైతే? ఊరికే పాస్ అంటే మీకు 100 వచ్చేది. రానిదాన్ని వస్తుందని భయపడి 500 సమర్పించుకున్నారు. అదే ఫాంటమ్ శాక్. లేని దెయ్యానికి బలి.

మీరు రెడ్, ఎదుటివాళ్లు వైట్ అయినప్పుడు ఇదే పని చేస్తే దెబ్బ 200తో మొదలై 500, 800, 1100 అంటూ పెరుగుతుంది. అంత పెద్ద అంకె పడితే “నంబర్‌కి పోయాడు” అంటారు. ఇంకా పెద్దదైతే టెలిఫోన్ నంబర్.

వల్నరబుల్ అనే మాటకీ ఓ కథ ఉంది. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ పనామా కాలువ మీదుగా వెళ్తున్న ఎస్ఎస్ ఫిన్లాండ్ అనే ఓడలో తన కొత్త స్కోరింగ్‌ను ఆడించి చూశాడు. నేటి కాంట్రాక్ట్ బ్రిడ్జ్ అక్కడ మొదలైంది. ఒక గేమ్ గెలిచి ఎక్కువ దెబ్బలకి గురయ్యే జట్టుని ఏమనాలో తోచకపోతే, ఓడలోనే ఉన్న ఒక అమ్మాయి ఆ మాట అందించిందని చెప్తారు. ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు.

నాలుగోకుర్చీ
పేరు దక్కడం, దక్కకపోవడం బ్రిడ్జ్‌లో మామూలే. ఒక నో ట్రంప్ మీద రెండు కళావర్ అడిగి మేజర్ వెతుక్కునే పద్ధతి కనిపెట్టినవాడు జార్జ్ రపే. 1945లో పత్రికలో రాసింది ఆయన పార్ట్‌నర్ సామ్ స్టేమన్. అప్పట్నుంచీ అందరూ “స్టేమన్” అనే ఆడుతున్నారు. జట్టులో ఒకరి దగ్గర నాలుగు, ఇంకొకరి దగ్గర మూడు తురుపులుండే ఫిట్‌కి మాయిసియన్ అనే పేరు మాత్రం వాటిని అదేపనిగా సమర్థించిన సంపాదకుడు ఆల్ఫాన్స్ మాయిస్‌దే.

కొత్తచెయ్యి
స్క్వీజ్ గురించి ఎవరూ చెప్పలేదు. చాట్‌లో ఆ మాట వస్తే అందరూ కాస్త గౌరవంగా మాట్లాడతారు!

ఇస్పేటురాణి
మూడు ముక్కలతో చూపిస్తా, కాగితం తీసుకోండి. తురుపు లేదు.

మీ చేతిలో కళావర్ ఆసు, ఇస్పేటు రెండు, ఆటీన్ మూడు. డమ్మీలో ఇస్పేటు ఆసు, జాకీ, ఆటీన్ రాజు. లెఫ్టీ దగ్గర ఇస్పేటు రాజు, రాణి, ఆటీన్ ఆసు. రైటీ దగ్గర పనికొచ్చేవి లేవు.

కళావర్ ఆసు వేయండి. లెఫ్టీ దగ్గర కళావర్ లేదు, ఏదో ఒకటి వదులుకోవాలి. ఆటీన్ ఆసు వదిలితే డమ్మీ ఆటీన్ రాజు పెద్దదైపోతుంది. అప్పుడు డమ్మీలోంచి ఇస్పేటు జాకీ పడేయండి. ఇస్పేటు వదిలితే డమ్మీలోంచి ఆటీన్ రాజు పడేయండి. ఇస్పేటు రెండుతో ఆసుకి వెళ్తే మిగిలిన పెద్ద ఇస్పేటు ఊడిపడుతుంది, జాకీ గెలుస్తుంది. ఎటు తిరిగినా మూడు ట్రిక్కులూ మీవే. లెఫ్టీ ముందు వదలాలి, డమ్మీ చూసి వదులుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. ఇవే ముక్కలు రైటీ దగ్గరుంటే డమ్మీ ముందు వదలాల్సి వచ్చేది, ఎత్తు పారేది కాదు.

కొత్తచెయ్యి
రెండుసార్లు పరిచి చూశాను. అబ్బ! రైటీకి మార్చి కూడా చూశాను, నిజంగానే పారలేదు.

ఆఖరిది. నిన్న ఒకావిడ ఎవరి కాంట్రాక్ట్‌నో పడగొడితే ఇద్దరు ముగ్గురు “ఎల్ఓఎల్” అని రాశారు. నవ్వడానికి అందులో ఏముంది?

డమ్మీబాబు
నవ్వు కాదు బ్రదర్. బ్రిడ్జ్‌లో ఎల్ఓఎల్ అంటే లిటిల్ ఓల్డ్ లేడీ. అమాయకంగా కూర్చుని, “నా వంతా?” అని అడిగి, మీ ఆరు ఇస్పేటుని రెండు ట్రిక్కులు తగ్గించే బామ్మగారు.

ఇస్పేటురాణి
పాత మాట, కాస్త చులకన కూడా ఉంది. కొత్తచెయ్యి గారు అర్థం తెలుసుకుంటే చాలు, వాడక్కర్లేదు. ఇంతకీ నిన్నటి బోర్డ్ కార్డులు ఉంటే ఇక్కడ పెట్టండి. మాస్టారికీ నాలుగోకుర్చీ గారికీ ఆ “కోల్డ్” సంగతి ఇంకా తేలలేదు.

కొత్తచెయ్యి
హిస్టరీలో ఉంది. రాత్రికి నాలుగు చేతులూ టైప్ చేసి పెడతాను అండీ.